వద్దనలేనివాళ్ల వివరాలు

దేశంలో ఉపాధి హామీ పథకం మొదలైంది అనంతపురం జిల్లాలోనే. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ దాన్ని ప్రారంభించారు. పద్నాలుగు నెలల తర్వాత, 2007 ఏప్రిల్ 1న, ఆరోగ్యశ్రీ తొలి విడతకు ఎంచుకున్న మూడు జిల్లాల్లోనూ అనంతపురం ఉంది. మిగతా రెండు మహబూబ్‌నగర్, శ్రీకాకుళం. కరువు, వెనుకబాటు ఎక్కడ ఎక్కువో అక్కడికే పథకాలు ముందు వచ్చాయి. అది న్యాయమే. పథకాలతోపాటు రికార్డులూ అక్కడికే ముందు వచ్చాయి. కర్ణాటక సరిహద్దుకు ఆనుకుని ఉన్న గుమ్మఘట్ట మండలంలో వేదవతి మీద భైరవానితిప్ప ప్రాజెక్టు ఉన్నా, వాన పడకపోతే చేను బీడే. అలాంటి ఏడాది కూలికీ సర్కారే దిక్కు, జబ్బు చేస్తే వైద్యానికీ సర్కారే దిక్కు. పేరు, వయసు, కులం, రేషన్ కార్డు, బ్యాంకు ఖాతా, జబ్బు, ఆపరేషన్ ఫొటో, ఆ తర్వాత ఆధార్, వేలిముద్ర, ఫోన్ నంబరు అన్నీ ఒక్కొక్కటిగా కంప్యూటర్లోకి ఎక్కాయి. తన ఆరోగ్య చరిత్ర ఏదో ఒక సర్వర్లో ఉంటుందని పట్నం ఉద్యోగి ఊహించకముందే గుమ్మఘట్ట రైతుకూలీ చరిత్ర అక్కడ చేరిపోయింది.

గుర్తింపు దొంగతనం, సమాచారం లీకుల గురించి మన పత్రికల్లో వచ్చే సలహాలన్నీ దాదాపు ఒకే మనిషిని ఉద్దేశించినవి. పాస్‌వర్డ్ మార్చుకో, తెలియని లింకు నొక్కకు, వివరాలు అడిగితే ఇవ్వకు. మంచి మాటలే. కానీ వివరాలు ఇవ్వకపోతే బియ్యం రావు, పింఛను రాదు, ఆపరేషన్‌కు అనుమతి రాదు. వద్దనే వీలు లేని మనిషికి జాగ్రత్తలు చెప్పి చేతులు దులుపుకోవడం నా దృష్టిలో బాధ్యత నుంచి తప్పుకోవడమే. ఇరవయ్యేళ్లుగా తెలుగు నేల మీద జరిగినవి వరసగా చూస్తే నష్టం ఎక్కువసార్లు మొదలైంది ఇచ్చినవాళ్ల దగ్గర కాదు, తీసుకున్నవాళ్ల దగ్గర.

2018 సంగతే చూడండి. ఆ ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో 1.34 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, కులం, మతం ఎవరైనా చూసేలా ఉన్నాయని హైదరాబాద్‌కు చెందిన పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి బయటపెట్టారు. ఒక కులంవాళ్ల ఇళ్లు, ఒక మతంవాళ్ల ఇళ్లు ఎక్కడెక్కడున్నాయో వెతికి చూసుకునే వీలు కూడా ఆ సైట్లో ఉండేది. డబ్బు పోవడం కంటే ఇదే పెద్ద ప్రమాదం. అల్లర్లు జరిగే రోజున అలాంటి పట్టిక ఎవరి చేతిలో పడుతుందో ఎవరూ చెప్పలేరు. అదే నెలలో ఉపాధి కూలీల చెల్లింపుల పోర్టల్‌లో 89 లక్షల మంది ఆధార్ వివరాలు బయట పడి ఉన్నాయని తేలింది. జూన్‌లో అన్న సంజీవిని జనరిక్ మందుల దుకాణాల వెబ్‌సైట్ వంతు వచ్చింది. ఎవరు, ఏ ఫోన్ నంబరుతో, ఏ మందు కొన్నారో అందరికీ కనిపించింది. ఆ మందుల్లో మగవాళ్లు నలుగురి ముందు పేరెత్తడానికి సిగ్గుపడేవీ ఉన్నాయి. చవగ్గా మందు దొరుకుతుందని వెళ్లినవాడి జబ్బు ఊరికి తెలిసే స్థితి వచ్చింది.

ఈ మూడింట్లోనూ దొంగ అనేవాడే లేడు. తాళం పగలగొట్టిన హ్యాకరూ లేడు. పనితీరు చూపించుకోవడానికి డ్యాష్‌బోర్డులు కట్టారు, ఎవరు చూడాలో, ఎవరు చూడకూడదో ఎవరూ ఆలోచించలేదు. ఆధార్ నంబరును బహిరంగంగా ప్రచురించకూడదని 2016 ఆధార్ చట్టం 29వ సెక్షన్ అప్పటికే చెబుతోంది. విషయం బయటపడ్డాక పేజీలు తీసేశారు. కానీ అంతకుముందు ఎవరెవరు చూశారో, ఎవరెవరు దించుకున్నారో ఆ 89 లక్షల మందిలో ఎవరికీ చెప్పిన దాఖలా నాకు కనబడలేదు.

వివరాలు అలా బయట పడి ఉంటే ఏమవుతుందో అదే 2018లో పెద్దపల్లి జిల్లా చూపించింది. ధర్మారంలో సిమ్ కార్డులమ్మే ఒక వ్యాపారి తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి దస్తావేజులు దించుకున్నాడు. వాటి మీద ఆధార్ నంబరు ఉంది, వేలిముద్ర కూడా ఉంది. ఆ ముద్రలను రబ్బరు స్టాంపుల మాదిరిగా తయారుచేసి, టార్గెట్లు పూర్తిచేయడానికి వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. తర్వాతి సంవత్సరాల్లో ఇదే పద్ధతి బ్యాంకు ఖాతాల మీదికి మళ్లింది. ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ దస్తావేజుల్లోని వేలిముద్రలతో నకిలీలు చేసి, ఆధార్ ద్వారా జరిగే చెల్లింపుల్లో డబ్బు లాగిన ముఠాను 2022లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్నారు. కార్డు లేదు, పిన్ లేదు, ఓటీపీ లేదు. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలు ఉంటే చాలు. పాస్‌వర్డ్ పోతే కొత్తది పెట్టుకోవచ్చు. వేలిముద్ర పోతే ఇంకో వేలు మొలవదు.

ఈ ప్రాంతంలో దీనికి ఇంకో కోణం ఉంది. కలుపు తీసీ, వేరుశనగ పీకీ, రాళ్లు మోసీ అరిగిన వేళ్లను యంత్రం ఒక్కసారికి గుర్తుపట్టదు. బ్యాంకు తరఫున ఊళ్లో డబ్బిచ్చే బ్యాంకు మిత్ర ‘మళ్లీ పెట్టమ్మా, పడలేదు’ అంటే మళ్లీ పెడతారు. రెండోసారి పెట్టినప్పుడు నిజంగానే పడలేదా, లేక మొదటిసారే డబ్బు తీసేశారా అని నిలదీయడం ఎలా? స్లిప్పు ఇవ్వరు. ఇచ్చినా ఇంగ్లీషులో ఉంటుంది. ఖాతాకు కలిపిన నంబరు బెంగళూరు వలసలో ఎప్పుడో పోయిన సిమ్‌ది, కాబట్టి మెసేజీ కూడా రాదు. అంతకంటే ఘోరం ఏమిటంటే, వాడకపోవడంతో రద్దైన నంబరును కంపెనీలు 90 రోజులు ఆగి వేరేవాళ్లకు ఇవ్వొచ్చు. అప్పుడు ఈ మనిషి ఓటీపీలు ఆ కొత్త మనిషికి వెళ్తాయి. ఎవరూ దొంగిలించకుండానే గుర్తింపు చేతులు మారింది. వలస ఉన్న ప్రతి ఊళ్లోనూ ఏడాదికి రెండుసార్లు ఆధార్‌కు, బ్యాంకుకు ఉన్న ఫోన్ నంబర్లు సరిచూసే శిబిరం పెడితే, ఖరీదైన ఏ సాఫ్ట్‌వేరూ చేయలేని మేలు అది చేస్తుంది.

ఇక ఆసుపత్రి. రోగి పేరును ఇంకొకరు వాడుకోవడం మన దగ్గర ఎక్కువగా బిల్లుల రూపంలో జరుగుతుంది. ఆయుష్మాన్ భారత్ మీద కాగ్ 2023లో పార్లమెంటుకు ఇచ్చిన నివేదిక ప్రకారం దాదాపు 7.5 లక్షల మంది లబ్ధిదారులు ఒకే ఫోన్ నంబరు కింద నమోదై ఉన్నారు. ఆ నంబరు పది తొమ్మిదులు. అంతకుముందే చనిపోయినట్టు రికార్డుల్లో చూపిన 3,446 మంది రోగుల చికిత్సకు 6.97 కోట్ల రూపాయలు చెల్లించారు. తెలంగాణలో ముఖ్యమంత్రి సహాయనిధికి తప్పుడు బిల్లులు పెట్టారన్న ఆరోపణపై 2024లో సీఐడీ 28 ఆసుపత్రుల మీద కేసులు పెట్టింది. వీటిని ఖజానాకు జరిగిన మోసంగానే రాస్తాం. రోగికి జరిగేది రాయం. తన కార్డు మీద ఎవరో చికిత్స చూపించుకుంటే ఆ ఏడాది పరిమితి తరిగిపోతుంది. చేయించుకోని ఆపరేషన్ తన చరిత్రలో చేరుతుంది. వేరేవాళ్ల బ్లడ్ గ్రూపు, వేరేవాళ్ల మధుమేహం తన పేరు మీద ఉంటే, స్పృహ లేకుండా క్యాజువాలిటీకి వచ్చిన రాత్రి డాక్టరు ఆ రికార్డును నమ్మే ప్రమాదం ఉంది. ఆరోగ్య సమాచారంలో గుర్తింపు దొంగతనం ప్రాణం మీదికి వచ్చేది ఇక్కడే.

పెద్ద ఆసుపత్రులు, ఆరోగ్య సంస్థల మీద దాడుల కథ వేరు, దాన్ని క్లుప్తంగానే చెబుతాను. 2022 నవంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లను ఎవరో తాళం వేసినట్టు బిగించేశారు. సుమారు రెండు వారాలు ఓపీ చీటీలు చేత్తో రాశారు. నెట్‌వర్క్‌ను సరిగా విభాగాలు చేసుకోకపోవడమే కారణమని ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. అమెరికాలో 2024 ఫిబ్రవరిలో చేంజ్ హెల్త్‌కేర్ అనే సంస్థలోకి దొంగలు చొరబడ్డారు. దారి ఇచ్చింది రెండో అంచె తనిఖీ లేని ఒక్క లాగిన్. 2.2 కోట్ల డాలర్లు చెల్లించినా సుమారు 19 కోట్ల మంది సమాచారం పోయింది. 2020లో ఫిన్లాండ్‌లో వస్తామో అనే మానసిక చికిత్సా సంస్థ రికార్డులు దొంగిలించినవాడు రోగులకే నేరుగా ఈమెయిల్ పంపి డబ్బు అడిగాడు. ‘నువ్వు డాక్టరుకు చెప్పుకున్నది నా దగ్గర ఉంది’ అన్నది ఆ బెదిరింపు సారాంశం. 2024 సెప్టెంబర్‌లో మన దేశపు స్టార్ హెల్త్ బీమా సంస్థ ఖాతాదారుల పత్రాలు, వైద్య నివేదికలు టెలిగ్రామ్‌లో అడిగినవాళ్లకు అడిగినట్టు దొరికాయి. ఇన్ని దేశాల్లో ఇన్ని రకాలుగా జరిగినా కారణాలు మామూలువే. రెండో అంచె లేని లాగిన్, ఒకదానికొకటి అడ్డుగోడ లేని కంప్యూటర్లు, విడిగా దాచని నకళ్లు, అవసరం తీరాకా చెరపని పాత ఫైళ్లు. వీటికి మందు కూడా అందరికీ తెలిసిందే. జిల్లా ఆసుపత్రికైనా, రాయదుర్గం నర్సింగ్ హోమ్‌కైనా అదే మందు. సిబ్బంది అందరికీ ఒకే పాస్‌వర్డ్ ఉండటం, దాన్ని కాగితం మీద రాసి మానిటర్‌కు అతికించడం ఆపితే సగం పని అయినట్టే.

జబ్బు రహస్యం గురించి ఉమ్మడి అనంతపురం నేల చెప్పగలిగిన ముఖ్యమైన మాట ఒకటుంది. బత్తలపల్లిలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్డీటీ) ఆసుపత్రి ఏళ్ల తరబడి హెచ్ఐవీ రోగులకు వైద్యం చేసింది. ఆ జబ్బు పేరు బయటికి పొక్కితే ఇల్లు, ఊరు, పెళ్లి సంబంధం అన్నీ పోతాయని ఇక్కడివాళ్లకు తెలుసు. అందుకే పక్క ఊరి ఆసుపత్రి కాకుండా దూరం పోయి మందులు తెచ్చుకునేవాళ్లుంటారు. 2017లో చేసి, 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లోకి తెచ్చిన హెచ్ఐవీ చట్టం, చట్టం చెప్పిన కొన్ని సందర్భాల్లో తప్ప రోగి అనుమతి లేకుండా ఎవరికీ చెప్పకూడదని, రికార్డులు దాచే ప్రతి సంస్థా భద్రతా పద్ధతులు పాటించాలని స్పష్టంగా అంటుంది. ఇలాంటి రక్షణ టీబీకి, చివరికి బీపీ మాత్రలకు కూడా ఎందుకు ఉండకూడదు? అన్ని జబ్బులకూ కలిపి ‘దిశ’ పేరుతో 2018 మార్చిలో కేంద్ర ఆరోగ్య శాఖ ఒక ముసాయిదా పెట్టింది. అది చట్టం కాలేదు.

దాని బదులు వచ్చింది 2023 ఆగస్టు నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం. జస్టిస్ పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తేల్చిన ఆరేళ్లకు వచ్చిన చట్టమిది. నియమాలు 2025 నవంబర్‌లో వెలువడ్డాయి. సంస్థలు పాటించాల్సిన ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. లీకు జరిగితే సమాచార రక్షణ బోర్డుకే కాక బాధితులు ఒక్కొక్కరికీ చెప్పాలన్నది ఇందులో నిజంగా మంచి నిబంధన. 2018లో ఇది ఉండి ఉంటే ఆ 89 లక్షల మందికీ కబురు చేరాల్సి వచ్చేది. జరిమానా 250 కోట్ల దాకా ఉంది. అయితే ఆ జరిమానా ఖజానాకు పోతుంది, బాధితుడికి పైసా రాదు. పాత ఐటీ చట్టంలో నష్టపరిహారం ఇప్పించే 43ఎ సెక్షన్‌ను ఈ చట్టమే తీసేస్తోంది. ఆ సెక్షన్ కింద ఆరోగ్య సమాచారాన్ని సున్నితమైనదిగా విడిగా చూసేవారు. కొత్త చట్టంలో ఆ తేడా లేదు. నిజానికి పాత సెక్షన్ కంపెనీలకే వర్తించేది, సర్కారు ఆఫీసులకు కాదు. గుమ్మఘట్ట కూలీకి అప్పుడూ పరిహారం లేదు, ఇప్పుడూ లేదు. సంక్షేమ పథకాలిచ్చే ప్రభుత్వ శాఖలు లీకు చేస్తే బాధితుడికి నేరుగా పరిహారం అందే ఏర్పాటు లేనిదే ఈ చట్టం పేదవాడి దాకా వచ్చిందని నేను అనుకోను.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. వివరాలన్నీ దాచేయడమే పరిష్కారమని గబుక్కున అనేయకూడదు. ఉపాధి పనుల మస్టర్లు, అంటే హాజరు పట్టీలు, బయట పెట్టింది ఊరికే కాదు. చనిపోయినవాళ్ల పేర్ల మీద కూలి రాసుకున్న మేట్లను పట్టుకోవడానికి, వాళ్లతో కుమ్మక్కైన అధికారులను పట్టుకోవడానికి. 2006లోనే అనంతపురం జిల్లాలో పెద్ద ఎత్తున సామాజిక తనిఖీ జరిగింది. ఊరి యువతే రికార్డులు తీసుకుని ఇల్లిల్లూ తిరిగి అడిగారు, గ్రామసభలో చదివి వినిపించారు. దొంగ పేర్లు అలాగే దొరికాయి. అప్పుడు కావాల్సింది ఎవరు ఎన్ని రోజులు పనిచేశారు, ఎంత డబ్బు పడింది అన్నదే. ఆధార్ నంబరు, ఖాతా నంబరు, ఫోన్ నంబరు ఎవరికీ అక్కర్లేదు. ఆ గీత ఎవరూ గీయకపోవడం వల్ల 2018లో అన్నీ కలిసి బయట పడ్డాయి. ఇప్పుడు భయం రెండోవైపు నుంచి వస్తోంది. కొత్త చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) సెక్షన్‌ను మార్చి, వ్యక్తిగత సమాచారం అని చెప్పి ఇవ్వకుండా ఉండే వీలును బాగా వెడల్పు చేసింది. ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వొచ్చన్న 8(2) ఉందన్నది నిజమే. కానీ మస్టరు అడిగితే ‘ప్రైవసీ’ అని తిప్పి పంపే గుమాస్తాతో 8(2) గురించి వాదించే ఓపిక ఎవరికుంది? కూలీ రహస్యం కాపాడమంటే కాంట్రాక్టరు రహస్యం కాపాడే చట్టం కాకూడదు.

ఓటీపీ సంగతి కూడా చెప్పుకోవాలి. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని పోలీసులు మైకులో చెబుతారు. అదే ఊళ్లో ఏఎన్ఎం అమ్మ ఇంటికొచ్చి ఆరోగ్య ఖాతాకు ఆభా నంబరు చేయాలి, ఓటీపీ చెప్పు అంటుంది. గ్రామ సచివాలయంలో ఈకేవైసీకి ఓటీపీ, గ్యాస్ బండకు ఓటీపీ. ఆమె తప్పు లేదు, ఆమెకూ టార్గెట్ ఉంది. పద్నాలుగు అంకెల ఆభా నంబరు ఇష్టముంటేనే తీసుకోవాలని 2021 సెప్టెంబర్‌లో మొదలైన డిజిటల్ ఆరోగ్య మిషన్ నిబంధనలే అంటాయి. ఇష్టముందా అని అడిగే తీరిక ఆమెకు ఇవ్వరు. ఇలా ఏళ్ల తరబడి అలవాటు చేసినవాళ్లే, తర్వాత ఫోన్‌లో ఎవడో ‘ఆసుపత్రి నుంచి మాట్లాడుతున్నా పెద్దమ్మా’ అని అడిగితే అంకెలు చెప్పేసిన ముసలమ్మను తెలివి తక్కువదంటున్నారు. ఇంటికొచ్చే సిబ్బంది ఓటీపీ నోటితో అడగకూడదు, మనిషి తన ఫోన్‌లో తానే నొక్కాలి లేదా ముఖం చూపించి ఒప్పుకోవాలి అన్న ఒక్క నియమం పెడితే, పోలీసు మైకు చెప్పే మాటకు విలువ వస్తుంది.

మనిషి తన వైపు నుంచి చేయగలిగినవీ ఉన్నాయి. జిరాక్సు ఇచ్చేటప్పుడు దాని మీద ఎందుకు, ఏ తేదీన ఇస్తున్నామో అడ్డంగా రాయడం. చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వడం. ఇంటర్నెట్ సెంటరుకు వాట్సాప్‌లో పంపిన కార్డు ఫొటోను మన ఎదుటే వాళ్ల ఫోన్‌లో తీయించడం. మన పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో సంచార్ సాథీలో చూసుకోవడం. ఈ సదుపాయం 2021లో మొదట వచ్చింది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లకే. వేలిముద్రతో డబ్బు తీసే అవసరం లేనివాళ్లు బ్యాంకులో అడిగి ఆ సదుపాయం ఆపించుకోవచ్చు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి, బ్యాంకుకు రాతపూర్వకంగా చెప్పాలి. మన తప్పుగానీ, బ్యాంకు తప్పుగానీ లేకుండా మూడోవాడి వల్ల పోయి, మూడు పనిదినాల్లోగా చెబితే మన బాధ్యత సున్నా అని రిజర్వు బ్యాంకు 2017 జులైలోనే చెప్పింది. తప్పు మనదని నిరూపించాల్సింది బ్యాంకే. ఈ ముక్క ప్రతి గ్రామీణ శాఖలోనూ గోడ మీద తెలుగులో రాసి ఉండాలి.

వేలిముద్రను ఆధార్‌లో లాక్ చేసుకోమన్నది నిపుణులందరూ చెప్పే గట్టి సలహా. కానీ లాక్ చేస్తే రేషన్ యంత్రం వేలు తీసుకోదు, ఒకటో తేదీ పింఛనుకూ వేలు పనికిరాదు. తాత్కాలికంగా తెరవాలంటే ఆధార్‌కు కలిపిన నంబరు, సిగ్నల్ రెండూ కావాలి. అన్నిటికంటే గట్టి తాళం అన్నిటికంటే ఎక్కువ అవసరమున్నవాడికి అందదు.

అందుకే కాపాడే పని వివరాలు పెట్టుకున్నవాళ్ల మీద పెట్టాలి, లెక్క అడిగే పని ఊరి చేతిలో పెట్టాలి. దానికి కొత్త సంస్థ ఏదీ అవసరం లేదు, సామాజిక తనిఖీ పద్ధతి ఈ జిల్లాకు చిరపరిచితమే. ఏటా ఒక గ్రామసభలో సచివాలయం, ఆరోగ్య కేంద్రం, బ్యాంకు మిత్ర, ఉచిత వైద్య పథకం ఆసుపత్రి ఒక్కొక్కరూ ఒక కాగితం చదవాలి. మా దగ్గర ఈ ఊరివాళ్ల ఏ వివరాలున్నాయి, ఎందుకున్నాయి, ఈ ఏడాది ఎవరి లాగిన్‌తో ఎన్నిసార్లు తెరిచారు, ఎన్ని పాత ఫైళ్లు చెరిపేశాం, వేలిముద్ర తీసుకుని స్లిప్పు ఇవ్వని లావాదేవీలు ఎన్ని. ఎవరి జబ్బు పేరూ చదవనక్కర్లేదు, ఎవరి నంబరూ చదవనక్కర్లేదు. రాత్రి పదకొండు గంటలకు ఒకే లాగిన్‌తో మూడొందల రికార్డులు తెరిచినట్టు కాగితంలో ఉంటే, ఎందుకని అడగడానికి కంప్యూటర్ చదువు అవసరం లేదు. మస్టర్లో చనిపోయినవాళ్ల పేర్లు పట్టుకున్న ఊళ్లు ఇవి.